తెనాలి, బాపట్ల, రేపల్లె: మా ఆవిడ కూర్చోగలిగే క్రూయిజర్ కోసం ఒక రోజు

రెండేళ్ళుగా మా ఇంట్లో ఒక వింత జరుగుతోంది. ఒకే ఇంట్లోంచి, ఒకే పెళ్ళికి, ఒకే టైముకి బయల్దేరతాం. మా ఆవిడ సుశీల బస్సులో వెళ్తుంది, నేను బండి మీద వెళ్తాను. చూసినవాళ్ళు మాకేదో గొడవైందనుకుంటారు. గొడవేం లేదండి. ఆవిడకి నడుంలో డిస్కు జరిగింది. కొన్నాళ్ళు మంచం, ఇంకొన్నాళ్ళు బెల్టు, ఆ తర్వాత ఎక్సర్‌సైజులు. ఇప్పుడు ఇంట్లో పనంతా మామూలుగానే చేసుకుంటోంది. బండెక్కమంటే మాత్రం "మీరు పదండి, నేను బస్సులో వచ్చేస్తా" అంటుంది. పైగా ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఉచితం. పెట్రోలు పోసి నడిపే నేను ఉచిత బస్సుతో పోటీ పడాలి.

మీకు ఇదేం పెద్ద కష్టంగా అనిపించకపోవచ్చు. కానీ ఇంట్లో మేం మాట్లాడుకునేవి కూర ఏంటి, గ్యాసు ఎప్పుడు బుక్ చేశాం, ఇంతే. అసలు మాటలన్నీ బండి మీదే. వెనక కూర్చుని, నా భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గరకొచ్చి చెప్పేది. వాళ్ళ చెల్లెలి మీద కోపం, చిన్నప్పుడు కాకుమానులో మేనత్త దగ్గర ఉన్న రోజులు, నాతో ఎదురుగా అనలేని మాటలు, అన్నీ. ఎండాకాలం రాకముందే సముద్రం పక్కనే రామేశ్వరం దాకా ఇద్దరం వెళ్ళాలని నా కోరిక. ఆవిడ వస్తేనే వెళ్తాను. ఒక్కడినే వెళ్ళి సముద్రాన్ని చూస్తూ కూర్చుంటే అది నాతో మాట్లాడదు కదా.

"బండెక్కొచ్చమ్మా. నడుం మెలిపెట్టకుండా చూసుకో, వెనక ఆనుకోడానికి ఉంటే మంచిది" అని డాక్టరుగారు చెప్పారు. ఆనుకోడానికంటే, దూరాలకి హాయిగా కూర్చుని వెళ్ళే క్రూయిజర్ బండే కదా అని నేను షోరూముల చుట్టూ తిరగడం మొదలెట్టాను. తెనాలిలో నాది మోటార్లు రివైండింగ్ చేసే షాపు. మోటారు చప్పుడు వింటే దాని ఆరోగ్యం చెప్తాను. అందుకని రెండు నెలలు ఇంజన్ల చప్పుడే విన్నాను. చివరికి రెండు మిగిలాయి. ఒకటి నల్లగా, పొడుగ్గా, నేల మీద పడుకున్నట్టుండేది. కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చుంటే పడక్కుర్చీలో ఉన్నట్టుంటుంది. షోరూం అద్దంలో చూసుకుంటే పెట్రోలు ట్యాంకు నా పొట్టని కనపడనీయలేదు. మనసు అక్కడే పడిపోయింది. వెనక సీటు ఉందా అంటే ఉంది, చపాతీ పీటంత. రెండోది కాస్త బొద్దుగా, అందం తక్కువగా, వెడల్పు సీటు, వెనక ఆనుకునే దిండుతో ఉంటుంది. మొదటి రకం బాపట్లలో మా బావమరిది శ్రీను దగ్గరే ఉంది. రెండోది విజయవాడలో అద్దెకి తెచ్చాను. రోజుకి పదిహేను వందలు, డిపాజిట్టు, లైసెన్సు జిరాక్సు. తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడ్నుంచి రేపల్లెలో ఆవిడ పెద్దమ్మ ఇల్లు, మళ్ళీ తెనాలి. నూట నలభై కిలోమీటర్లకి అటూ ఇటూ. ఈ ఒక్కరోజు ఆవిడ కూర్చోగలిగితే రామేశ్వరం ఉంది, లేకపోతే లేదు.

మాఘమాసం, పొద్దున్నే ఆరింటికి పొలాల మీద మంచు ఇంకా లేవలేదు. సుశీల చీరాల నేత చీర కట్టుకుంది, హెల్మెట్ పెట్టుకుంది, మా వైపు ఆడవాళ్ళందరూ కూర్చున్నట్టే రెండు కాళ్ళూ ఎడం పక్కకేసుకుని కూర్చుంది. నలభై, నలభై ఐదు దాటకుండా నడిపాను. రోడ్డు బాగుంది, ఇంజను బాగుంది, నా నడుం బ్రహ్మాండంగా ఉంది. ఆవిడ మాత్రం మాట్లాడటం లేదు.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉందండి."

మా ఆవిడ బాగానే ఉందంటే బాగాలేదని అర్థం. పొన్నూరు బస్టాండు దగ్గర టిఫిన్‌కి ఆగాం. దిగి సీటు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. ఇడ్లీలు వేస్తున్న హోటలావిడ చూసి, "ఏంటక్కా, నడుమా? ఆ బల్ల మీద వద్దు, ఇదిగో ఈ కుర్చీలో కూర్చో" అని తను కూర్చున్న కుర్చీ ఇచ్చేసింది. రెండు ప్లేట్లు ఇడ్లీ, అల్లం పచ్చడి, రెండు టీలు, వంద రూపాయల్లోపే. ఇడ్లీ దూదిలా ఉంది.

"ఏవండి, ఏమనుకోకండి. నేను ఇక్కణ్ణుంచి బస్సెక్కుతా. ఆ దిండు ఆనుకోడానికి అన్నారు గానీ, దారంతా నా పక్కటెముకల్లో పొడుస్తానే ఉంది."

"ఏమనుకుంటాను, ఎక్కు."

"మీ మొహం చూస్తే తెలుస్తోంది."

"నా మొహం ఎప్పుడూ ఇంతే కదే."

"అవుననుకోండి" అని నవ్వి బస్సెక్కింది. బాపట్ల దాకా ఆ బస్సు వెనకే వెళ్ళాను, మంత్రిగారి కాన్వాయ్‌లాగా. ఒక స్టాపులో కండక్టరు తల బయటపెట్టి, "బాబాయ్, రోడ్డు ఖాళీగా ఉంది, దాటి వెళ్ళిపోవచ్చుగా?" అన్నాడు.

"మా ఆవిడ నీ బస్సులో ఉందయ్యా."

"అలిగిందా? దించెయ్యమంటావా?"

"వద్దులే. బలవంతంగా దించితే ఇంకా కోపం."

బస్సులో ఆడవాళ్ళంతా నవ్వారు. కిటికీలోంచి సుశీల మొహం పక్కకి తిప్పుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని అర్థమైంది. కాస్త ధైర్యం వచ్చింది.

బాపట్లలో శ్రీను ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. శ్రీను తన నల్లబండికి దుప్పటి కప్పి పెట్టుకుంటాడు, చంటిపిల్లాడికి కప్పినట్టు. దుప్పటి తీసి, "బావా, నేను చెప్పలేదా, కొంటే ఇదే కొను" అని మొదలెట్టాడు. మైలేజీ, టైర్లు, సర్వీసింగు, ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం. అప్పటిదాకా వాకిట్లో కుర్చీలో కూర్చుని వింటున్న సుశీల లేచి నిలబడింది.

"ఏవండి, మీరు ఒకసారి మన అద్దె బండి వెనక కూర్చోండి. తమ్ముడు నడుపుతాడు."

"దానికేముంది" అని కాలెత్తాను.

"అలా కాదు. నేను కూర్చున్నట్టు."

శ్రీను భార్య లక్ష్మి గుమ్మంలోంచి చీర కొంగు నోట్లో పెట్టుకుని లోపలికి పారిపోయింది. శ్రీను మొహంలో భయం. "అక్కా, మా వీధిలో నాకు కాస్త మర్యాద ఉందే" అన్నాడు. ఆవిడ వినలేదు. యాభై ఆరేళ్ళ నేను రెండు కాళ్ళూ ఎడం పక్కకేసుకుని, బావమరిది భుజం పట్టుకుని, సూర్యలంక రోడ్డెక్కాను. టీకొట్టు దగ్గర ఎవరో, "ఏం బాబాయ్, కాపరానికి పంపిస్తున్నారా?" అని అరిచారు. చెయ్యి ఊపాను. ఇంకేం చేస్తాం.

నవ్వు రెండు స్పీడు బ్రేకర్ల దాకానే. బ్రేకు వేస్తే మొత్తం ఒంటి బరువు ఒక పక్కకి జారుతోంది. ఒక కాలికి ఆసరా ఉంది, రెండో కాలు గాల్లో ఉంది. మొహం పొలాలకేసి, బండి ముందుకేసి, మధ్యలో నడుం తడిబట్ట పిండినట్టు మెలితిరిగింది. అప్పుడు వెలిగిందండి నాకు. నడుం మెలిపెట్టొద్దని డాక్టరుగారు అన్నప్పుడు మేమిద్దరం గ్యాసు సిలిండరు ఎత్తడం గురించనుకున్నాం, బిందె దించడం గురించనుకున్నాం. బండి మీద పక్కకి కూర్చోవడం మెలిపెట్టడమని మా ఇద్దరికీ తోచలేదు. మా అమ్మ అలాగే కూర్చుంది, మా అత్తగారు అలాగే కూర్చున్నారు. మా దృష్టిలో అది కూర్చోవడమే. ఇంకోటుంది. అలా కూర్చుంటే ముందేం వస్తోందో కనపడదు. ఇన్నేళ్ళూ నా వెనక కూర్చుని తిరిగిన మనిషి, ఎదురుగా వచ్చే రోడ్డు ఎప్పుడూ చూడలేదు. గుంటొస్తే నేను ముందే సర్దుకునేవాణ్ణి, ఆవిడకి ఒళ్ళు అదిరాకే తెలిసేది.

తిరిగొచ్చి ఇదే చెప్పాను. "అయితే ఏంటి, మగాళ్ళలాగా రెండు పక్కలా కాళ్ళేసుకుని కూర్చోమంటారా? చీరతోనా? ఈ వయసులోనా? రేపల్లెలో మా పెద్దమ్మ చూస్తే ఇంకేమైనా ఉందా?" అంది.

లోపల్నుంచి లక్ష్మి, "వదినా, నా చుడీదార్ నీకు సరిపోతుంది, రా" అని కేకేసింది.

అరగంట పట్టింది బయటికి రావడానికి. చున్నీ మూడుసార్లు సర్దుకుంది.

"నవ్వకండి."

"నవ్వలేదు."

"లోపల నవ్వుతున్నారు."

లోపల నేను నవ్వడం లేదు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి బండెక్కేటప్పుడు కూడా ఇలాగే చుట్టూ చూసి ఎక్కింది. అది గుర్తొచ్చింది.

ముందు శ్రీను బండి మీద కూర్చోబెట్టాం. చపాతీ పీట మీద వీధి చివరిదాకా కూడా నిలవలేకపోయింది, మోకాళ్ళు పైకొచ్చేస్తున్నాయి, వెనక ఆసరా లేదు. శ్రీను తన బండికి మళ్ళీ దుప్పటి కప్పేసుకున్నాడు. తర్వాత అద్దె బండి. కూర్చుని మెల్లగా వెనక్కి ఆనింది. దిండు సరిగ్గా నడుం కింద భాగానికి తగిలింది. ఊపిరి వదిలింది. నాకు వినపడింది.

లక్ష్మి చేసిన గోంగూర రొయ్యలు తిని రెండింటికి బయల్దేరాం. కర్లపాలెం, పిట్టలవానిపాలెం, చందోలు, చెరుకుపల్లి మీదుగా రేపల్లె. ఆగుతూ వెళ్తే రెండు గంటలు వేసుకోండి. వరి కోసేసిన మళ్ళలో మినుము పచ్చగా ఉంది. కర్లపాలెం దాటాక వెనక నుంచి, "ఏవండి, ముందు గేదెలున్నాయి" అంది. చూశానన్నాను. కాసేపటికి "గుంట, గుంట!" అంది. ఆ తర్వాత "ట్రాక్టరుకి దారివ్వండి", "ఆ ముసలాయన చూడకుండా దాటేట్టున్నాడు", "ఇంత దగ్గరగా వెళ్తారేంటండి లారీకి!" ఇన్నేళ్ళూ బండి నేను నడుపుతున్నాననుకున్నాను. ఆ రోజుతో నా పదవి పోయింది.

పిట్టలవానిపాలెంలో కొబ్బరిబోండాలకి ఆగాం. కొట్టేవాడు సుశీలని చూసి, "ఏ ఊరు పిన్నీ?" అన్నాడు.

"తెనాలి బాబూ."

"తెనాలి నుంచి బండి మీదే? నడుం గట్టిదే పిన్నీ నీది!"

"విన్నారా?" అంది నాతో. మధ్యలో బస్సు సంగతి మేం ఇద్దరం అతనికి చెప్పలేదు.

రేపల్లెలో పెద్దమ్మ ఉండే సందు మొదట్లో, "ఆపండి" అంది. "ఇక్కణ్ణుంచి పక్కకి తిరిగి కూర్చుంటా. చుడీదార్ అంటే సర్దిచెప్పుకుంటా గానీ, ఇలా కూర్చుని ఆవిడ ముందుకి వెళ్ళలేను." ఆపాను. పక్కకి కూర్చుంది. నాలుగిళ్ళు దాటామో లేదో, భుజం తట్టింది.

"ఆపండి. నడుం లాగుతోంది." దిగింది. సందులోకి చూసింది, నాకేసి చూసింది. "చూస్తే చూస్తుందిలెండి" అని కాలు అటేసి కూర్చుంది.

అరుగు మీద పెద్దమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరది, పోలీసులా?" అంది.

సుశీల హెల్మెట్ తీసింది. "నేనే పెద్దమ్మా, సుశీలని."

"నువ్వటే! నడుం బాగాలేదుగా తల్లీ, హాయిగా బస్సులో రాకపోయావా?"

"బస్సులో అయితే నడుం నొప్పెడుతుంది పెద్దమ్మా" అంది మా ఆవిడ.

నేను బండికి తాళం వేస్తూ విన్నాను. వేసిన తాళం తీసి మళ్ళీ వేశాను. పెద్దమ్మ చుడీదార్ గురించి గానీ, కాళ్ళ గురించి గానీ ఒక్క ముక్క అనలేదు. కాఫీయా, టీయా అని అడిగింది. ఐదింటికి లేచి, భట్టిప్రోలు, వేమూరు మీదుగా దీపాలు పెట్టే వేళకి తెనాలి వచ్చేశాం. దారంతా వాళ్ళ పెద్దమ్మ కోడలి మీద ఏం చెప్పిందో నాకు చెప్పింది. ఇక్కడ రాయను, వాళ్ళు కూడా చదువుతారు.

బొద్దు బండే బుక్ చేశాం. నల్లబండి అందం ఇప్పటికీ కలలోకి వస్తుంది, అది వేరే సంగతి. ఇద్దరు కూర్చునే బండి నిజానికి రెండు బండ్లండి. ముందు కూర్చున్నవాడికి ఒకటి, వెనక మనిషికి ఇంకోటి. కొనేవాడు తనది చూసుకుని డబ్బు కట్టేస్తాడు, రెండోది ఎలా ఉందో వెనక మనిషి మర్యాదకి చెప్పదు, బస్సెక్కుతుంది. దిండు నడుం కిందికి ఆనుతోందా, మోకాళ్ళు పైకి లేస్తున్నాయా, సైలెన్సరు వేడి ఏ కాలికి తగులుతోంది, ఇవన్నీ వెనక కూర్చుంటేనే తెలిసేవి. ఇప్పుడు రామేశ్వరానికి ఆవిడ రెండు చుడీదార్లు కుట్టించుకుంటోంది. రంగు నన్నడిగింది. ఏదైనా బాగుంటుందన్నాను. అలా అంటే కుదరదంది.

బండి కొనబోయేవాళ్ళకి ఒక్క మాట. టెస్టు రైడుకి వెళ్ళినప్పుడు వెనక కూర్చునే మనిషిని ప్రయాణంలో వేసుకునే బట్టల్లోనే తీసుకెళ్ళండి, అంతకంటే ముందు మీరు అరగంట వెనక కూర్చోండి. నడపడానికి బావమరిది దొరక్కపోతే షోరూం వాళ్ళనే అడగండి. నవ్వుతారు, అయినా నడుపుతారు.