నిన్నోళ్లు, ఇయ్యాలోళ్లు, రేపోళ్లు

ఒక బడి మూతపడాలంటే ఏం కావాలి? వరద రావాలా, పైకప్పు కూలాలా? అంత శ్రమ అక్కర్లేదండీ. ఒక ఇంగ్లీషు క్రియాపదం, నాలాంటి అతితెలివి టీచరమ్మ ఉంటే చాలు. ఆ ఘనకార్యం నేను దాదాపు పూర్తి చేశాను. చెప్తాను, నవ్వుకోండి. మరీ పగలబడి మాత్రం నవ్వకండి, పరువున్నదాన్ని.

మాది జనగామ. ఉద్యోగం వచ్చింది నెల్లికుదురు దగ్గరి ఒక తండాలో. రెండు గదుల సర్కారు బడి, హెడ్మాస్టరూ నేనూ, అంతే. బడి కొత్తగా ఇంగ్లీషు మీడియం అయింది. పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, అంగట్లో తెలుగు మాట్లాడతారు. నేనేమో వెళ్లిన మొదటి రోజే "క్లాసుల లంబాడీ బంద్" అని హుకుం జారీ చేశాను. అలా చేస్తే ఇంగ్లీషు దానంతటదే వస్తుందని నా నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంతలో తండాకు ఒక ప్రైవేటు బడి వ్యాను రావడం మొదలుపెట్టింది. పిల్లలు అందులో ఎక్కితే మా బడికి తాళమే. తండా పెద్ద బాలు నాయక్ వచ్చి హెడ్మాస్టరుతో తేల్చి చెప్పాడు.

"సార్, శనివారం మేమంత వస్తం. మా పిల్లలు ఇంగ్లీషు మాట్లాడితె ఈడనే ఉంచుతం. లేకుంటె సోమవారం సంది వ్యాన్ల తోలుతం. మల్ల మమ్ముల ఏమనొద్దు."

శనివారం నెత్తిమీదే ఉంది. అన్నం వండని ఇల్లు లేదు కదా అని "కుక్" అనే క్రియను ఎంచుకున్నాను. ఐ కుక్, ఐ కుక్డ్, ఐ విల్ కుక్. ఇయ్యాల, నిన్న, రేపు. మూడూ కలిపి చెప్పమంటే పిల్లలు రేపటి అన్నం నిన్ననే వండేస్తున్నారు. అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. మిరపతోటలో కూలోళ్లు మనిషికో సాలు పట్టుకుంటారు కదా, అలా పంచేస్తే? కిటికీ వరుసకు ఇయ్యాల, నడిమి వరుసకు నిన్న, గోడ వరుసకు రేపు. నేను ఏ వరుస వైపు బెత్తం చూపిస్తే ఆ వరుస అరవాలి.

హెడ్మాస్టరు తొంగిచూసి, "మేడం, అందరికి అన్ని చెప్తె మంచిగుంటది గద?" అన్నారు.

"టైమేది సార్? దీన్ని సిస్టం అంటరు."

"సిస్టమా..." అని ఆయన మెల్లగా వెళ్లిపోయారు.

సిస్టం బ్రహ్మాండంగా నడిచింది. ఎంత బాగా అంటే, మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా పిల్లలు "ఓ రేపోళ్లు, ఎనకకు జరుగుండ్రి, మీకు రేపే అన్నం" అని కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడైనా నాకు బుద్ధి రావద్దా? రాలేదు. ఎంత గట్టిగా నేర్చుకున్నారో అని మురిసిపోయాను.

శనివారం తండా మొత్తం దిగింది. పెద్దవాళ్లు గడప దాటడమే ఆలస్యం, పిల్లలంతా దిగ్గున లేచి బెంచీలు ఖాళీ చేశారు. పెద్దలు నిలబడితే పిల్లలు కూర్చోరు, అక్కడ ఇంటింటా అదే పెంపకం. ఎంత మర్యాద అని నేను పొంగిపోతూనే ఉన్నాను. పిల్లలు కింద చాప మీద ఎక్కడ సందు దొరికితే అక్కడ, ఎవరి దోస్తు పక్కన వాళ్లు సర్దుకున్నారు.

నేను దర్జాగా కిటికీ వైపు బెత్తం చూపించాను. అటు నుంచి ఒకేసారి నిన్న, ఇయ్యాల, రేపు మూడూ పేలాయి. గోడ వైపు చూపించాను. అక్కడా అదే గోల.

"నువ్వు రేపటోనివి, ఈడెందుకు కూసున్నవ్‌రా?"

"నేను నిన్నటోన్నే, వీడే ఇయ్యాల నుంచి వచ్చిండు!"

నేను బెత్తం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాను. అప్పుడు కేస్లీ అవ్వ చెయ్యెత్తింది. ఐదో తరగతి అనితకు నాయనమ్మ.

"లొల్లి బంద్ చెయ్యుండ్రి. బిడ్డా, మా అనితనడుగు. నిన్న ఇంట్ల అన్నం వండింది గదే. గా ముచ్చట ఇంగ్లీషుల చెప్పుమను."

అనిత లేచి నిలబడి నా మొహం చూసింది. "అది మా వరుసది కాదు మేడం. నాది రేపు."

బాలు నాయక్ కళ్లు చిట్లించాడు. "ఏంది మేడం, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పిల్లలకు ఇంగ్లీషు పంచిండ్రా?"

వెనక నుంచి ఎవరో వ్యాను డ్రైవరుకు ఫోను చేయమన్నారు. అనిత మాత్రం ఇంకా నన్నే చూస్తోంది.

"నిన్న వండింది నేనే గద మేడం. మరి నాకు నిన్న ఎందుకియ్యలే?"

నిజంగా సిగ్గనిపించింది. పెద్దలు చప్పట్లు కొడతారన్న ఆశలో, ఆ పిల్లకు తను చేసిన పని చెప్పుకునే మాట కూడా దక్కకుండా చేశానని అప్పుడు తెలిసింది.

అనిత నా జవాబు కోసం ఆగలేదు. నడిమి వరుస సురేశ్ వైపు తిరిగి గడగడా లంబాడీలో అడిగింది. వాడూ లంబాడీలోనే చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది, వాడు మళ్లీ విడమరిచి చెప్పాడు. బెంచీల మీది తల్లులు, తండ్రులు ముందుకు వంగి వింటున్నారు. అంతవరకూ ఆ ఇంగ్లీషు వాళ్లకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, ఇప్పుడు తలలు ఊపుతున్నారు.

అనిత గొంతు సవరించుకుంది. "ఐ కుక్డ్ రైస్." కాస్త ఆగి, "ఐ కుక్ రైస్. ఐ విల్ కుక్ రైస్" అని కూర్చుంది.

"నాకు రేపు చెప్పవే" అని సురేశ్ ఆమె వెంటపడ్డాడు. క్షణంలో గది అంతా లంబాడీ. ఒకరి నిన్న ఇంకొకరికి, ఒకరి రేపు మరొకరికి. తల్లులు కూడా నోట్లో నోట్లో "కుక్డ్, కుక్డ్" అనుకుంటున్నారు. నేను బెత్తం మూలన పెట్టేశాను.

బాలు నాయక్ లేచాడు. కేస్లీ అవ్వ వైపు తిరిగాడు.

"ఏమంటవ్ అవ్వా, వ్యానా, బడా?"

కేస్లీ అవ్వ కొంగు సర్దుకుంది. "బడే. పోరగాండ్లు ఒకరికొకరు మస్తు చెప్పుకుంటున్నరు. గా మేడాన్ని గూడ వాండ్ల నడుమ చాప మీద కూసోబెట్టుండ్రి. పాపం, జర నేర్చుకుంటది."

తండా మొత్తం ఘొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది హెడ్మాస్టరే.

కాబట్టి సుద్దముక్క సాక్షిగా, నల్లబల్ల సాక్షిగా ఇదే నా ఒట్టు. ఇక బతికినన్నాళ్లూ ఏ పిల్లకూ చదువును ముక్కలు కోసి పెట్టను, ఏ పిల్ల నోట్లోంచీ ఇంటి భాష లాక్కోను. ఈ ఒట్టు తప్పితే ఆ చాప మీద, సురేశ్ పక్కన, కేస్లీ అవ్వ ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ నేర్చుకోవడానికి సిద్ధం.