ఖాళీ రోడ్డు

2004లో, ఉద్యోగ విరమణ తర్వాత వనపర్తిలో ఉండేవాణ్ణి. హైదరాబాదు ప్రయాణమంటే, కొత్తకోటలో హైవే పక్కన పంక్చర్లు వేసే యూసుఫ్‌కు ఫోన్ చేసి, రోడ్డు ఎలా ఉందో డైరీలో రాసుకున్నాకే బయలుదేరేవాణ్ణి.

ఆ రోజు మా అమ్మాయి సుజాతకు టీచరు ఉద్యోగం కోసం హైదరాబాదులో సర్టిఫికెట్ల పరిశీలన. మధ్యాహ్నం రెండు దాటితే ఉద్యోగం పోయినట్టే. తెల్లారగానే యూసుఫ్‌కు ఫోన్ చేశాను.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. హైదరాబాదు దిక్కు నుంచి ఒక్క లారీ గూడ వస్తలేదు. రోడ్డు మొత్తం ఖాళీ!”

బిజినేపల్లి మీదుగా పోదామన్న సుజాత మాట వినకుండా కొత్తకోట దారినే బస్సెక్కించాను.

కొత్తకోట దాటిన కాసేపటికే బస్సు ఆగిపోయింది. ముందంతా లారీలే. రాత్రి ఒక ట్యాంకరు అడ్డంగా బోల్తాపడి, అటు బండి ఇటు రావడం లేదట. గంటసేపు బస్సు దిగుతూ, ఎక్కుతూ, గడియారం చూస్తూ గడిపాను.

సుజాత ఫైలు చంకన పెట్టుకుని లేచింది.

“రోజూ లారీలతో నిండే రోడ్డు ఎందుకు ఖాళీగుందని అడగకపోతివా నాయినా? నడువు జల్ది!”

లారీల పక్కన మట్టిలో పరుగులాంటి నడక. ట్యాంకరు అవతల వెనక్కి మళ్లుతున్న జీపతను మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఆఫీసు మెట్లెక్కేసరికి రెండుకు నాలుగు నిమిషాలు తక్కువ.

ఖాళీ రోడ్డు కనిపిస్తే ఇప్పటికీ నాకు గుండెదడే. సుజాతకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం నాడు నా డైరీ తీసి, “రోడ్డు ఖాళీ, దిగులు లేదు” అన్న వాక్యం పక్కన ఎర్ర ఇంకుతో పదికి సున్నా వేసింది.