తొంభై దాటితే వణికే కారు

2023 నవంబర్. జగిత్యాలలో కరీంనగర్ రోడ్డు మీద నాకు వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి టైర్లు విప్పుతున్నానని మా బంధువుల్లో కొంత విచారం ఉండేది. వాళ్ల కార్లు కూడా నా దగ్గరికే రావడం మొదలయ్యాక అది కాస్త తగ్గింది.

ఆ నెలలో మా వైపు రోడ్లు సగమే ఉంటాయి. మిగతా సగం మీద వడ్లు ఎండుతుంటాయి. అలాంటి రోడ్డు మీద ఒక బుధవారం నాడు కోరుట్ల నుంచి తెల్లటి స్పోర్ట్స్ కారు వచ్చి నా షాపు ముందు ఆగింది. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తు. అందులోంచి దిగడమనే కార్యక్రమం పూర్తి చేసి, రాజిరెడ్డి నిలబడ్డాడు.

ఆయన దుబాయిలో పద్నాలుగేళ్లు ఒక పెద్దమనిషి ఇంట్లో డ్రైవరు. ఇలాంటి కార్లు చాలానే నడిపాడు. పక్క సీట్లో మాత్రం ఎప్పుడూ పరాయివాళ్లే. ఇంటికొచ్చి సెకండ్ హ్యాండ్‌లో దీన్ని కొన్నది ఒకే ఒక్క పనికి: పక్కన భార్య సుజాతను కూర్చోబెట్టుకోవడానికి.

ఆమె ఒకసారి కూర్చుంది కూడా. కరీంనగర్‌లో చుట్టాలింటికి బయల్దేరారు. జగిత్యాల దాటాక ఆయన తొంభై మీదికి పోనిచ్చాడు. స్టీరింగ్ వణికింది. డాష్‌బోర్డు వణికింది. ఆమె ఒడిలోని సకినాల డబ్బా గలగలలాడింది. మల్యాల స్టేజి దగ్గర ఆపించి, దిగి, డబ్బాతో సహా బస్సెక్కి వెళ్లిపోయింది.

“గిప్పుడు బండి ఎక్కుమంటే ఎక్కుతలేదు తమ్మీ. హార్వెస్టర్లు కిరాయికిచ్చే ఆయన ఒకడున్నడు, ఆయనకు అమ్ముతనని మాటిచ్చింది. ఆదివారం అచ్చి బండి తీస్కపోతడట.”

“నువ్వేమన్నవన్నా?”

“మంచిగైతే ఉంచుకుందమన్న. గాకుంటే ఆమె మాటే.”

కారు వణుకుతోందంటే మా వృత్తిలో మొదటి అనుమానం వీల్ బ్యాలెన్సింగ్ మీద. చక్రంలో ఒకవైపు కొంచెం బరువెక్కువైతే నెమ్మదిగా తిరిగేటప్పుడు తెలియదు. వేగంలో ఆ బరువే సమ్మెటలా కొడుతుంది. చక్రాన్ని మెషిన్ మీద తిప్పి, తేలికగా ఉన్న వైపు చిన్న లోహపు ముక్క అంటిస్తాం. ఆ పని అప్పటికే రెండు షాపులవాళ్లు చేశారట.

“ఎప్పటిసంది గిట్ల?” అని అడిగాను.

“దసరా ముందుదాక మంచిగనే ఉండె.”

జాబ్ కార్డు మీద ‘దసరా’ అని రాసుకున్నాను. రాసుకోవడం వరకే.

నాలుగు చక్రాలూ విప్పాను. చక్రం వెళ్లి ఆనుకునే గుండ్రటి ఇనుప పీటను హబ్ అంటాం. నాలుగు హబ్‌ల మీదా ఆంజనేయస్వామి సిందూరం బొట్లున్నాయి. కళ్లకు అద్దుకుని పనిలో పడ్డాను. మెషిన్ నాలుగు చక్రాలకూ సున్నా చూపించింది. మళ్లీ బిగించి, రాజిరెడ్డిని పక్కన కూర్చోబెట్టుకుని, వడ్లు లేని ముక్క వెతుక్కుని వేగం పెంచాను. ఎనభై అయిదు దాకా వెన్నలా వెళ్లింది. తొంభైలో నా కళ్లద్దాలు ముక్కు కొసకు జారాయి.

“ఏమనిపిస్తున్నది తమ్మీ?”

“జెర ఉన్నదన్నా,” అన్నాను.

వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనక చక్రాలు. ఇది మా మొదటి పాఠం. అదృష్టవశాత్తూ నాలుగూ ఒకే సైజు కాబట్టి గురువారం ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాను. వణుకు మాత్రం స్టీరింగ్‌ని వదల్లేదు. అంటే తప్పు చక్రానిది కాదు, చక్రం వెనక ఉన్నదేదో వంకరగా తిరుగుతోంది. ఆ వంకర కంటికి కనబడదు. దానికి డయల్ గేజ్ కావాలి. సూది ఉన్న గడియారం లాంటి పరికరం అది, వెంట్రుక మందం తేడా వచ్చినా పట్టిస్తుంది.

నా దగ్గర అది లేదు. శుక్రవారం సిరిసిల్ల వెళ్లాను. అక్కడ పవర్‌లూమ్‌ల షాఫ్టులు తయారుచేసే లేత్ మిషన్ వెంకటన్న నాకు పాత పరిచయం. కాలేజీలో నా ప్రాజెక్టు ఆయన దగ్గరే చేశాను. అంటే ఆయన చేశాడు, నేను సంతకం పెట్టాను.

“ఎంత వంకరున్నది?” అన్నాడు.

“తెల్వదన్నా.”

“తెల్వకుంటె కొలువు. కొలిచే ముందు తుడువు. గా బీటెక్‌ల గిది చెప్పలేదా?”

“చెప్పే ఉంటరు. గా రోజు నేను పోలె.”

ఆయన నా ముఖం చూసి, గేజ్ పెట్టెలో ఒక మాసిన గుడ్డ కూడా పెట్టి ఇచ్చాడు.

శనివారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. సుజాత వచ్చింది కారు కోసం కాదు, రేపటి బేరం ఖాయమో కాదో తేల్చుకోవడానికి. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

ముందు కుడి చక్రం అంచుకు గేజ్ ఆనించి చేత్తో తిప్పాను. సూది ఒక మిల్లీమీటరు దాటి ఊగింది. ఈ లెక్కలో అది కొండంత. చక్రం విప్పి, గేజ్‌ను హబ్‌కే ఆనించాను. ఇనుము మీద సూది కదల్లేదు. బొట్టు దగ్గరికి రాగానే ఎగిరింది. దాటగానే మళ్లీ తగ్గింది.

గేజ్ పెట్టెలోంచి వెంకటన్న గుడ్డ తీశాను.

“అన్నా, గీ బొట్టు ఎవరు పెట్టిండ్రు?”

“నేనే,” అన్నాడు రాజిరెడ్డి గర్వంగా. “దసరా నాడు నాలుగు చక్రాలు విప్పి, కడిగి, కొండగట్టు సిందూరం నూనెల కలిపి పెట్టిన. మొదలు దీనికే. అక్షింతలు గూడ అద్దిన.”

“లోపటెందుకన్నా?”

“బైట పెడితే పెయింట్ ఖరాబైతది గద. దేవునికి కనవడితే సాలు, మందికెందుకు?”

మొదటి చక్రానికి భక్తి ఎక్కువ పడింది. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి నడుం నొప్పి మొదలై ఉంటుంది, అక్కడ బొట్టు చుక్కంతే ఉంది. ఇక్కడ మాత్రం నలిగిన బియ్యం, సిందూరం, నూనె కలిసి సిమెంటులా గట్టిపడ్డాయి. వాటి మీద చక్రం ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. మూడు షాపులవాళ్లం విప్పాం, చూశాం, దండం పెట్టుకుని పైన చక్రం బిగించాం. మెషిన్ అబద్ధం చెప్పలేదు. చక్రం బాగానే ఉంది. దాని పీటే బాగాలేదు.

“ఇది తుడవాలె,” అన్నాను.

“దేవుని బొట్టు తుడుస్తవా!” రాజిరెడ్డి నా చెయ్యి పట్టుకున్నాడు.

సుజాత ముందుకొచ్చింది. “దేవుణ్ణి తీస్కపోయి చక్రం కింద పెట్టి బోల్టులు బిగిచ్చినవ్. గది తప్పుగాదు గని తుడిస్తె తప్పా? తుడువు తమ్మీ. పాపమేదన్న ఉంటె ఈయనకే.”

గీకి, తుడిచి, నాలుగు హబ్‌లూ మెరిసేలా చేశాను. ఆమె పర్సులోంచి కుంకుమ భరిణె తీసి, ఆ పాలతెలుపు బానెట్ నడిమధ్య రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. రాజిరెడ్డి నోరు తెరిచాడు. ఆమె చూసింది. మూసుకున్నాడు.

చక్రాలెక్కించి గేజ్ పెడితే సూది ఊపిరి పీల్చినంత కదిలి ఆగింది.

“నేను ఒకసారి నడిపి చూస్త,” అన్నాను.

“నువ్వు కూసుంటె నాకేం తెలుస్తది?” అని సుజాత భర్త పక్క సీట్లోకి ఎక్కింది.

వాళ్లు వెళ్లాక నేను ఒక స్కూటరుకు పంక్చరు వేశాను. ఆ పంక్చరుకు అంత సేపు అవసరం లేదు. చివరికి ఫోన్ మోగింది. సుజాత గొంతు.

“తమ్మీ, మల్యాల స్టేజి కాడ ఈయన బండి ఆపిండు.”

“మళ్ల వణికిందా వదినా?”

“వణకలే. దిగుతవా అని అడుగుతుండు.”

“మీరేమన్నరు?”

“నడువు అన్న. నూటికి పోనియ్యి అన్న. గిప్పుడు కరీంనగర్ పోతున్నం. ఆ హార్వెస్టరాయన నంబరు పంపిస్త, జెర నువ్వే చెప్పు, రావద్దని.”

వెనక నుంచి రాజిరెడ్డి ఏదో అన్నాడు. మాట వినబడలేదు, నవ్వు వినబడింది. గలగలలాడే చప్పుడు మాత్రం ఎక్కడా లేదు.

మన చేతికి వచ్చిన వస్తువు బాగుందని తేలితే, అది దేని మీద కూర్చుందో చూడాలి. దండం పెట్టుకున్న చోటైనా సరే చూడాలి. ముఖ్యంగా కస్టమర్ ‘దసరా’ అన్నప్పుడు, దసరా నాడు ఏం చేశావని కూడా అడగాలి. ఇప్పుడు నా షాపులో పానాల పక్కన ఒక కుంకుమ డబ్బా ఉంటుంది. హబ్ మీద బొట్టు కనబడితే తుడిచి, ఓనరు కళ్ల ముందే బయట కొత్తది పెడతాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

వెంకటన్న డయల్ గేజ్ ఆ సోమవారమే తిరిగిచ్చేశాను. గుడ్డ మాత్రం ఇవ్వలేదు.