వాన ఎందుకు పడింది?

ఆత్మకూరులో కొన్న ఎర్ర సిరా ఒక పట్టాన ఆరేది కాదు. నేను వేసే మార్కులు పిల్లలకంటే నా చొక్కాకే ఎక్కువ దక్కేవి. తొంభైల్లో, ఉదయగిరి దగ్గర పల్లె బడిలో నాలుగో తరగతికి కారణం, ఫలితం నేర్పుతూ ఆ సిరాతోనే సున్నాలు వేశాను.

రెండేళ్ల కరువు తర్వాత వాన పడిన వారంలో వాన పాఠం చదివించి, ‘మొన్న మన ఊళ్లో వాన ఎందుకు పడింది?’ అని రాయమన్నాను. చర్చికి పోయే పిల్లలు ‘ప్రార్థన చేసినాం కాబట్టి’ అని రాశారు. మిగతావాళ్లు ‘కప్పను ఊరేగించినాం కాబట్టి’ అని రాశారు. అందరికీ సున్నానే. ఆ విషయంలో నాకు మతభేదం లేదు.

రోకలికి కట్టిన కప్పను ఇల్లిల్లూ మోసిన పిల్ల మర్నాటి నుంచి బడికి రాలేదు. మూడో రోజు వాళ్ల అవ్వ చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది.

“మూడు దినాలు ఎండలో తిరిగింది బిడ్డ. వాన వచ్చింది. సున్నా ఏంది అయ్యోరా? ఇంక బడికి రానంటా ఉండాది.”

చురుకైన పిల్ల. మానేస్తే నా సున్నా వల్లే మానేసినట్టు. అందుకని బోర్డు మీద సముద్రం గీశాను, ఆవిరి లేపాను, మబ్బు చేసి ఉదయగిరి కొండకు తగిలించాను.

“ఇదీ అవ్వా కారణం. ఇది రాస్తే మార్కులు వేస్తాను.”

పిల్ల అవ్వ మొహం చూసింది. అవ్వ బోర్డు చూసింది.

“సముద్రం ఎప్పుడూ ఆడనే ఉండాది గదా అయ్యోరా. మరి రెండేళ్లుగా ఏం చేస్తా ఉన్నింది?”