అంచున నిలబడినవాళ్ళు

తనకల్లులో బాబావలి పేరు చెప్తే ఎవరైనా ఒకటే మాట అంటారు: చావు ఫోటోలు తీసేవాడు గదా అని. మనిషి వందల పెళ్ళిళ్ళు తీశాడు, బడి పిల్లల్ని వరసలు కట్టించి తీశాడు, మండలంలో సగం మంది రేషన్ కార్డుల మీదున్న మొహాలు అతను తీసినవే. అవేవీ ఎవరికీ గుర్తుండవు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. నా పేరు మద్దిలేటి. అతని స్టూడియో పక్క అంగట్లో పదిహేనేళ్ళు కుట్టుమిషన్ తొక్కినవాణ్ణి. అతను చేసిన తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టి ఈ సంగతి నేను చెప్పడమే న్యాయం.

మా పక్క పల్లెల్లో మనిషి పోతే స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, ఇంటి ముందర కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఫోటో తీయించుకుంటారు. చాలామందికి బతికుండగా ఇంటివాళ్ళతో తీయించుకున్న ఫోటో ఉండదు. కూలికి పోయి కడుపు నింపుకునేవాళ్ళకి స్టూడియోకి వచ్చే తీరికెక్కడిది? అందుకని మొదటిదీ చివరిదీ ఆ ఒక్కటే అవుతుంది. అది గోడకెక్కుతుంది, దండ పడుతుంది, ఇక ఆ ఇంట్లో ఏ తగువొచ్చినా అందరూ దాని వైపే చూస్తారు.

బాబావలికి ఉన్న చిక్కల్లా సందులతో. పల్లెల్లో సందు ఏడడుగులుంటే గొప్ప. వెనక్కి జరుగుదామంటే ఎదురింటి గోడ వీపుకి తగులుతుంది. మామూలు రోజైతే ఎదురింటి గడపలో నిలబడి తీయొచ్చు. కానీ శవం బయట ఉన్నంతసేపూ ఎదురిల్లు తలుపు తీయదు. అది పద్ధతి. చావు వాళ్ళింట్లోకి తొంగి చూడకూడదట. దాంతో అతని దగ్గరున్న లెన్సులో కుర్చీ, దానికి అటిద్దరు ఇటిద్దరు మాత్రమే పట్టేవాళ్ళు. మిగిలినవాళ్ళు వెనక వరసలో తలలు ఇరికించుకోవాల్సిందే.

2001లో తిప్పమ్మ పెద్దకొడుకు గంగాధరప్ప బెంగళూరులో కట్టడం పనికి పోయి మూడో అంతస్తు మీద నుంచి పడి చచ్చిపోయాడు. టెంపోలో తెచ్చారు. బాబావలి పోయి ఫోటో తీసి వచ్చాడు. దినాలు అయిపోయాక తిప్పమ్మ ఆ ఫోటో కొంగులో చుట్టుకుని, మూడు మైళ్ళు ఎండలో నడుచుకుంటూ స్టూడియోకి వచ్చింది. నేనప్పుడు కాజాలు కుడుతున్నాను. ఆ ముసలామె గొంతు గోడ అవతల నుంచి స్పష్టంగా వినబడింది.

"కొడుకు నాది. నేను యాడప్పా ఇందులో?"

బాబావలి ఫోటో అందుకుని చూశాడు. నేనూ లేచి పోయి అతని భుజం మీదుగా చూశాను. కుర్చీకి ఒక పక్క చిట్టచివర పచ్చబొట్టు పొడిచిన చెయ్యి ఒకటి ఉంది. కుర్చీ వీపు పట్టుకుని ఉంది. మనిషి లేదు.

"సందు ఇరుకు గదవ్వా. వెనకాల తలుపు మూసుండిరి. నేను యాడికి జరిగేది?"

"చెయ్యి నాదని నాకు తెలుసు. రేపు నేను పోయినాక ఎవురికి తెలుస్తాది? కొడుకు పోయిన పొద్దు తిప్పమ్మ ఆడ లేనే లేదంటారు. పటంలో లేకుంటే లేనట్టే గదా."

అతను ఫోటో ఆమె చేతికి తిరిగిచ్చాడు. స్టూడియో బోర్డు మీద తన పేరు కింద "ఉన్నది ఉన్నట్టు" అని ఎర్ర రంగుతో రాయించుకున్న మనిషి. ఆ సాయంత్రం నా అంగట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఉన్నామెను లేకుండా చేసినాను మద్దిలేటీ" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను టీ తెప్పించాను. ఇంకేం చేస్తాను.

మర్నాడు మొదలైంది లెన్సు పిచ్చి. లెన్సు మీద అంకె ఎంత తగ్గితే అంత వెడల్పు పడుతుందని నాకు పాఠం చెప్పాడు. అతనిది ముప్పై ఐదు. కావాల్సింది ఇరవైకి లోపల. నా టేపు తీసుకుని ఇద్దరం తిప్పమ్మ వాళ్ళ సందుకి పోయాం. గోడ నుంచి గోడకి కొలిచింది నేనే. ఏడడుగుల రెండంగుళాలు. ఆ కొలతకి నా దగ్గరున్న నవారు కత్తిరించి ఇచ్చాను. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏడాది పాటు అది ఆ జేబులోనే ఉంది, చొక్కా మారినప్పుడల్లా అదీ మారింది.

రెండు పెళ్ళి సీజన్లు దుడ్లు కూడబెట్టి 2002లో బెంగళూరు బస్సెక్కాడు. తోడు నన్ను లాక్కుపోయాడు. కెమెరా అంగడి యజమాని నెత్తి నెరిసిన కన్నడాయన, తెలుగు బాగానే వచ్చు. అద్దాల బల్ల మీద మూడు లెన్సులు పెట్టాడు. ఒకటి ఇరవై, అది ముందుకీ వెనక్కీ తిరగదు. బాబావలి దాన్ని ముట్టుకోలేదు. సందు సందుకీ వెడల్పు మారుతుంది, నా కాలు కదలని చోట లెన్సే కదలాల అన్నాడు. మిగిలినవి రెండూ జూమ్‌లు, తిప్పేకొద్దీ అంకె మారేవి. ఒకటి పంతొమ్మిది నుంచి, రెండోది పదిహేడు నుంచి. రెండో దాని ముందు గాజు మా ఇంటి చెంబు మూతంత ఉంది, ధర మొదటిదానికి రెట్టింపు.

మావాడు జేబులోంచి నవారు తీశాడు. అంగడి గోడకి ఒక కొస ఆనించి, రెండో కొస దగ్గర తను నిలబడ్డాడు. గోడ పక్కన కుర్చీ వేయించి అంగట్లో పనిచేసే ఒకతన్ని కూర్చోమన్నాడు. మిగిలిన పనివాళ్ళనీ, సరుకు కొనడానికి వచ్చిన ఇద్దరినీ అటూ ఇటూ నిలబెట్టాడు. చివర నన్ను నిలబెట్టాడు. అందరూ నవ్వుకుంటున్నారు. కుర్చీలో కూర్చున్నవాడికి అది ఎవరి కుర్చీనో తెలిస్తే లేచి పారిపోయి ఉండేవాడు.

పంతొమ్మిది పెట్టి చూసి, "నువ్వు సగమే ఉండావు మద్దిలేటీ" అన్నాడు. పదిహేడు పెట్టి చూసి, "ఇప్పుడు నిండుగా ఉండావు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మొహం చూడాలి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టాడు. తలలే లెక్కపెట్టాడు, మొహాలు చూడలేదు.

యజమాని చూశాడు. "ఇది దేనికి?" అని అడిగాడు. బాబావలి చెప్పాడు. ఆయన లెన్సు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "ఇది గుళ్ళకి, కొండలకి, పెద్ద పెద్ద హాళ్ళకి. అంచుల్లో మనుషుల్ని నిలబెట్టొద్దు. సాగిపోతారు" అన్నాడు.

"అంచులో నిలబడేవాళ్ళ కోసమే సార్, ఇది కొంటాండేది" అన్నాడు బాబావలి.

ఎంత బాగా అన్నాడనిపించింది నాకప్పుడు. దారంతా బస్సులో ఆ మాటే మెచ్చుకున్నాను. ఇంటికి రాగానే అతని భార్య షాజాదీ నన్ను పిలిచి మరీ చెప్పింది: "నీళ్ళ డ్రమ్ము తెమ్మంటే గాజు ముక్క తెచ్చినాడన్నా, చూడు." నిజమే. ఆ ఏడు ట్యాంకరు వారానికొకసారి వచ్చేది.

రెండేళ్ళు ఆ లెన్సుని బిడ్డలా చూసుకున్నాడు. పెళ్ళి మంటపాలు తీశాడు, అందరూ బాగున్నాయన్నారు. నడుమ జరిగిన చావులకి కుర్చీ చుట్టూ నలుగురికి మించి లేక పాత లెన్సే సరిపోయింది. సందులో కుర్చీ ముందు దాన్ని పెట్టే అవసరం మాత్రం 2004 శ్రావణంలోనే వచ్చింది. వచ్చింది కూడా తిప్పమ్మ ఇంటికే. రెండో కొడుకు సురేంద్ర, అరగంట కూడా నీళ్ళు పోయని బోరు కోసం స్టార్టరు పెట్టె తెరిచి చెయ్యి పెట్టాడు. కరెంటు అక్కడికక్కడే లాగేసింది. మా దిక్కున కరెంటు రావాల్సినప్పుడు రాదు, రాకూడనప్పుడు సరిగ్గా వస్తుంది.

ఆ రోజు లైటు పట్టుకోవడానికి నేనూ పోయాను. అదే సందు, అదే కుర్చీ, ఎదురింటి తలుపు అట్లాగే మూసి ఉంది. కుర్చీ పక్కన సురేంద్ర భార్య గంగాదేవి మొగుడి భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. ఆరేళ్ళ కూతురు చౌడేశ్వరి తల్లి కొంగు పట్టుకుని ఉంది. తిప్పమ్మ మళ్ళీ చివరనే ఉంది. ముసలివాళ్ళని ఎవరు ముందుకు రానిస్తారు?

బాబావలి కెమెరాలోంచి తల పైకెత్తాడు. "అవ్వని కుర్చీ పక్కకి తీసుకురాండి. గంగాదేవమ్మా, నువ్వు పాపని పట్టుకుని ఆ చివరికి పో తల్లీ. ఏం భయం లేదు, అందరూ పడతారు."

మొగుడి భుజం మీద నుంచి చెయ్యి తీసి ఆమె మారుమాట లేకుండా చివరికి పోయింది. పాపని లోపలి వైపు నిలబెట్టుకుని భుజం మీద చెయ్యి వేసింది. తల్లి ఏడిస్తే ఆ బిడ్డ బెదిరిపోయి కేకలు పెడుతోంది. అందుకని గంగాదేవి పళ్ళు బిగబట్టి, పెదాలు అదిమి, ఏడుపుని నోట్లోనే ఆపుకుంది. అది నేను కళ్ళారా చూశాను. లైటు నా చేతిలోనే ఉంది కదా.

ఫోటోలు కడిగించుకుని వచ్చిన రోజు అతను నా అంగట్లోకి పరిగెత్తినట్టే వచ్చాడు. "తొమ్మిది మంది. తొమ్మిది మందీ పడినారు" అన్నాడు. తిప్పమ్మ నడిమధ్యలో, కొడుకు పక్కన, పచ్చబొట్టు చేతులతో సహా నిండుగా ఉంది. నేను చివరికి చూశాను. గంగాదేవి రవికలు కుట్టేది నేనే. రెండేళ్ళలో చెయ్యి చుట్టుకొలత అంగుళమున్నర తగ్గించి కుట్టాను. తిండి లేక తగ్గిన కొలత అది. ఫోటోలో ఆ చెయ్యి లావుగా ఉంది. మొహం పక్కకి సాగి బుగ్గలొచ్చాయి. బిగబట్టిన నోరు కూడా పక్కకి సాగింది.

నాకు తెలిసిపోయింది. కానీ అతను అంత సంబరంగా ఉంటే చెప్పలేకపోయాను. బాగుందన్నాను. ఆ అబద్ధం నా నోటితో నేనే ఆడాను, దానికి ఎవర్నీ తిట్టే హక్కు నాకు లేదు. అతను రెండు కాపీలు చేయించాడు. ఒకటి తిప్పమ్మకి, ఒకటి గంగాదేవికి.

వారం తిరక్కుండానే ఊరంతా ఒకటే మాట. మొగుడు కుర్చీలో ఉంటే పెళ్ళాం నవ్వతాంది. చూడండి, ఎట్ల నిగనిగలాడతాందో. ఫోటో చేతులు మారింది. దినాలకి వచ్చిన చుట్టాలు కూడా దాన్ని చూసి, ఆ రోజు ఆమె నవ్వడం తాము కూడా చూశామన్నారు. ఆ మాట అన్నవాళ్ళ మొహాన ఉమ్మేయాలనిపించింది.

బెంగళూరు అంగడాయన చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చి, బాబావలి కెమెరా, లెన్సు తీసుకుని తిప్పమ్మ ఇంటికి పోయాడు. వెనకే నేనూ పోయాను. గంగాదేవి దొడ్లో గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు. అతను పక్కింటామెను చివర నిలబెట్టి, కెమెరా తిప్పమ్మ కంటికి ఆనించి, "చూడవ్వా, అంచులో మనిషి ఎట్ల సాగిపోతాండాదో. ఇది అద్దం చేసిన పని. ఆ యమ్మ నవ్వలేదు" అన్నాడు.

"నాకీ అద్దంలో ఏమీ కనపళ్ళేదప్పా. మసక. పటంలో కనపడతాంది" అంది తిప్పమ్మ.

"నేను ఆడే ఉండా అవ్వా" అన్నాను నేను. "ఆ యమ్మ రవిక కొలత నాకు తెలుసు. ఇంత లావు లేదు. పండ్లు కొరుక్కోని ఏడుపు ఆపుకున్యాది."

తిప్పమ్మ నా వైపు చూడలేదు. బాబావలినే చూసింది. "పెద్దోడు పోయినప్పుడు నేను ఆడే ఉన్నింటి. పటంలో లేను. నువ్వు ఊరంతా తిరిగి తిప్పమ్మ ఉన్నిందని చెప్పినావా? లేదు గదా. పటంలో లేకుంటే లేనట్టే అయిపోయె. ఇప్పుడు ఇది నవ్వతా ఉండాది. నవ్వినట్టే. ఉన్నది ఉన్నట్టు తీస్తావని బోర్డు మీద రాసుకున్యావంట గదప్పా."

ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషితో ఏం వాదిస్తాం. ఆమెకి ఎవరో ఒకరి మీద కోపం కావాలి. కరెంటు మీద కోపగించుకుంటే పలికేదెవరు? కోడలు చేతికి అందే దూరంలో ఉంది. నెల తిరిగేలోగా గంగాదేవిని, పాపని ఇంట్లోంచి పంపేశారు. వాళ్ళ పుట్టిల్లు రాప్తాడు దగ్గర. ఆ తర్వాత బాబావలి ఆ లెన్సుని కెమెరాకి తగిలించలేదు. పాత ముప్పై ఐదుతోనే పని చేసుకున్నాడు. కొన్నాళ్ళకి బోర్డు మీద ఎర్ర అక్షరాలు తనే సున్నం పూసి కప్పేశాడు.

మరుసటేడు ఎండాకాలంలో గంగాదేవి వచ్చింది. పొద్దున బస్సుకి వచ్చి, బాబావలి షట్టరు ఎత్తేదాకా నా అంగడి మెట్ల మీద కూర్చుంది. సంచిలోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. నేనూ స్టూడియో లోపలికి పోయి నిలబడ్డాను.

"పాప వాళ్ళ నాయన పటం గోడకి పెట్టమని ఏడస్తాంది. పెడితే వచ్చినోళ్ళంతా నన్నే చూస్తారు. నన్ను కోసెయ్యన్నా" అంది.

"సురేంద్ర మొగం ఒకటే పెద్దది చేసిస్తాను తల్లీ" అన్నాడు బాబావలి.

"వద్దన్నా. నాయన ఉండే పటంలో తానూ ఉండాలంట పాప. నేనొక్కదాన్నే వద్దు."

అతను స్కేలు తీసి ఫోటో మీద పెట్టాడు. జరిపాడు, మళ్ళీ పెట్టాడు. చివరికి ఫోటో నా వైపు తోశాడు. నేను అంగట్లోకి పోయి కత్తెర తెచ్చాను. జీవితంలో ఎంత గుడ్డ కోశానో లెక్క లేదు. ఆ నాలుగంగుళాల కాగితం కోయడానికి పట్టినంతసేపు ఏ గుడ్డకీ పట్టలేదు. కోసిన ముక్క బల్ల మీద పడింది. ఆమె దాన్ని చూడలేదు. బాబావలి దాన్ని తీసి లెన్సు పెట్టెలో పెట్టి మూత బిగించాడు.

మిగిలిన ఫోటోలో పాప భుజం మీద ఒక చెయ్యి ఉండిపోయింది, మణికట్టు దాకా.

"చెయ్యి మిగిలిండాదమ్మా" అన్నాను. "అది తియ్యాలంటే పాప భుజం కొయ్యాల."

ఆమె ఫోటో దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత సంచిలో పెట్టుకుంది.

"ఉండనీ అన్నా. చేతికి నవ్వేది రాదు గదా."