తెర మీది తీగ, స్టార్టర్ పెట్టెలో తీగ

2024లో నేను బి.ఎడ్. రెండో ఏడాదిలో ఉండగా, పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో ఒక ఊరి హైస్కూల్లో నాకు ఇంటర్న్‌షిప్ పడింది. ఇంటర్న్‌షిప్ అంటే కొన్ని నెలలపాటు నిజమైన బడిలో, నిజమైన పిల్లల ముందు నిలబడి పాఠాలు చెప్పడం. మాది కురబలకోట. కుప్పంలో డిగ్రీ చదివి, మదనపల్లెలో బి.ఎడ్.లో చేరాను. ఇంకా టీచర్ని కాలేదు గానీ, పిల్లలు ‘సార్’ అని పిలిచేసరికి నా నడకే మారిపోయింది.

ఆ బడిలో ఏడో తరగతి గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. చెప్పాలంటే గోడంత సెల్‌ఫోను. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా పాఠాలు చూసి దిద్దే బాధ్యత సైన్సు టీచరు గ్రేసమ్మ మేడంది. మదనపల్లె మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. కరెంటు సర్క్యూట్ గురించి నేను రాసుకున్న లెసన్ ప్లాన్ చదివి, మెల్లగా అన్నారు.

“బాగుండాదప్పా. అయితే బీరువాలో టార్చిలైటు సెల్లులు, చిన్న బల్బులు ఉండాయి. ముందు అవి పిల్లోళ్ల చేతికియ్యి. ఈ తెర మీదిది తర్వాత సూపియ్యి.”

సరేనని తల ఊపాను. ఇవ్వలేదు. పాతకాలం మేడం, పాతకాలం పద్ధతి అని లోపల నవ్వుకున్నాను కూడా.

నేను వాడింది సిమ్యులేషన్, అంటే నిజం పనిని తెర మీద బొమ్మలతో చేసి చూడటం. సెల్లు బొమ్మ, బల్బు బొమ్మ, తీగ బొమ్మ ఉంటాయి. తీగ కొస మీద వేలు పెట్టి లాగి, బల్బుకు తగిలిస్తే వెలుగుతుంది. తప్పుగా తగిలిస్తే వెలగదు, అంతే. “భయపడొద్దు, వేలు పెట్టి పట్టుకోండి, లాగండి” అని పీరియడంతా చెబుతూనే ఉన్నాను. పుష్ప అనే అమ్మాయి అందరికంటే ముందు వెలిగించింది. చప్పట్లు కొట్టించి, “చూడండి, కరెంటంటే భయం లేని పిల్ల” అని మెచ్చుకున్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

రెండు రోజుల తర్వాత నా అబ్జర్వేషన్. మా కాలేజీ లెక్చరర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని, పాఠం విని మార్కులు వేస్తారు. ఆయన వచ్చి గ్రేసమ్మ మేడం పక్కన కూర్చున్నారు. నేను ప్యానెల్ ఆన్ చేస్తుండగా పుష్ప తలుపు దగ్గరికొచ్చి ఆగింది. వెనకే వాళ్లమ్మ రెడ్డెమ్మ. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, పాదాలకు తడిమట్టి ఉంది. నేను వరండాలోకి వెళ్లాను.

“ఒక మాట అడగాలప్పా. తీగను వేలితో పట్టుకోమని నువ్వు చెప్పినావా?”

“అది తెర మీదమ్మా.”

“నిన్న మా బోరు మోటారు నిలిచిపాయ. స్టార్టర్ పెట్టెలో తీగ ఊడొచ్చినాది. ఈ పిల్ల మూత తీసి, నేను తగిలిస్తా అని వేలు పెట్టబోయింది. కరెంటు ఉండాది ఆడ. జడ పట్టుకొని ఎనక్కి లాగినా కాబట్టి సరిపాయ.”

పుష్ప నేల చూపులు చూస్తోంది.

“కొట్టినా, చెప్పినా. వినలే. ‘మా సారు పట్టుకోమన్నాడు, నీకు తెలీదు’ అంటాది. నేను సదువుకున్న మనిషినా, నా మాట యాల నమ్ముతాది? నువ్వు చెప్తే నమ్ముతాది. చెప్పప్పా.”

వెనక బెంచీలో కూర్చున్న లెక్చరర్ గుర్తొచ్చారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నేను చూసుకున్నది నా మార్కులే. “రేపు అందరికీ కలిపి చెప్తానమ్మా” అన్నాను.

“రేపు గాదప్పా. ఈ పొద్దు సాయంత్రం మోటారు ఆన్ చేసేకి పోయేది ఇదే.”

లోపలికి వెళ్లి ప్యానెల్ ఆపేశాను. మొన్న తెర మీద మీరు పట్టుకున్నది తీగ కాదు, తీగ బొమ్మ అని పిల్లలకు చెప్పాను. సెల్లులో ఉండేది చిన్న కరెంటని, ఇంట్లోనూ మోటారు దగ్గరా ఉండేది మనిషిని చంపే కరెంటని చెప్పాను. “ఆ తేడా చెప్పకుండా వేలు పెట్టమన్నాను. తప్పు నాది.”

పుష్ప లేచి నిలబడింది.

“అయితే మా అమ్మ చెప్పిందే కరెక్టా సార్?”

“మీ అమ్మ చెప్పిందే కరెక్టు. నాకంటే ఆమెకే బాగా తెలుసు.”

రెడ్డెమ్మను లోపలికి పిలిచాను. ఆమె కొంగు సర్దుకుని, బోర్డు పక్కన నిలబడి, పిల్లలకు చెప్పింది. “స్టార్టర్ మూత మీరు ముట్టేది గాదు. మోటారు నిలిచిపోతే పెద్దోళ్లను పిలిసేది. పెద్దోళ్లు గూడా మెయిన్ ఆపినాకే చెయ్యి పెట్టేది.” అదే ఆ రోజు పాఠం. ఈలోగా గ్రేసమ్మ మేడం బీరువా తెరిచి సెల్లులు, బల్బులు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. తెర మీద అందరికంటే ముందు వెలిగించిన పుష్పకు నిజం బల్బు నాలుగోసారికి గానీ వెలగలేదు. వెలిగాక వాళ్లమ్మకు చూపించింది.

మార్కులు మామూలుగానే వచ్చాయి. ప్యానెల్ మీద నాకు కోపమేమీ లేదు, రేపు ఉద్యోగం వచ్చాక కూడా వాడతాను. కాకపోతే ఇప్పుడు ఏ పాఠం రాసుకున్నా, ఇది చూసిన పిల్ల ఇంటికెళ్లి ఏం చేస్తుంది అని ముందు ఆలోచిస్తాను. సారు చెప్పాడంటే కన్నతల్లి మాట కూడా పక్కన పెట్టే వయసు వాళ్లది. అంత నమ్మకం నా చేతిలో ఉందని నాకు ఏ సెమిస్టర్లోనూ తెలియలేదు.

రెడ్డెమ్మ కావాలంటే ఆ రోజు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి నన్ను బడి నుంచి పంపించెయ్యమని అడిగుండొచ్చు. కూతుర్ని బడి మాన్పించి ఉండొచ్చు. ఆమె మాత్రం పని వదులుకుని నా దగ్గరికే వచ్చి, నా తప్పును నాచేతే దిద్దించింది. వెళ్లిపోతున్నప్పుడు ఆమెకు దండం పెట్టాలని కూడా నాకు తోచలేదు. ఇక్కడ పెడుతున్నాను.