జయమ్మ మధ్యాహ్నం బస్సు

నిన్న మధ్యాహ్నం క్యాబ్‌లో మహదేవపుర ఫ్లైఓవర్ కింద ఇరుక్కుని ఉన్నాను. అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఈరోజు వాటర్ ట్యాంకర్ లేటు" అని మెసేజ్.

దాని కిందే ఇంకొకటి. "థర్డ్ ఫ్లోర్ మంజు గారి అమ్మగారు ఇక లేరు."

మళ్లీ మళ్లీ చదివాను. పొద్దున లిఫ్ట్ దగ్గర నన్ను చూసి చెయ్యి ఊపిన మనిషి. భోంచేసి పడుకున్నదట, మళ్లీ లేవలేదట.

దిగి పరిగెత్తాలనిపించింది. ఎటు పరిగెత్తను? ముందు బస్సు, వెనక లారీ, పక్కన మెట్రో పని కోసం కట్టిన రేకులు. డోర్ తెరవడానికి కూడా చోటు లేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. డ్రైవర్ ఏసీ పెంచాడు. పాపం, ఇంకేం చేస్తాడు.

జయమ్మ మాకు చుట్టం కాదు. ఎదురు ఫ్లాట్. నేను ఉద్యోగానికి కర్నూలు నుంచి వచ్చినదాన్ని, ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు మనిషి. నేను పెద్దమ్మా అనేదాన్ని. నా తెలుగుకు ఆమె నవ్వేది, ఆమె తెలుగుకు నేను నవ్వేదాన్ని.

ఆమెకు ఉన్నది ఒకటే షికారు. కె.ఆర్.పురంలో మంచం పట్టిన అక్క.

సర్జాపుర వైపు నుంచి మా లేఅవుట్ లోపలికి ఒక మధ్యాహ్నం బస్సు వచ్చేది. ఎక్కి కూర్చుంటే మహదేవపుర మీదుగా నేరుగా అక్క వీధి చివర దింపేది. ఆడవాళ్లకు టికెట్ ఫ్రీ అయ్యాక ఇంకేముంది, ఇంట్లో కంటే బస్సులోనే ఎక్కువ ఉండేది.

అనపకాయల సీజన్‌లో చూడాలి ఆ బస్సుని. నానబెట్టిన గింజలు గిన్నెలో పెట్టుకుని జయమ్మ ముందు సీట్లో కూర్చునేది. పక్కావిడకు ఓ పిడికెడు, వెనకావిడకు ఓ పిడికెడు. పేర్లు కూడా తెలియని ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ వేళ్లతో పితికి తొక్క తీసేవాళ్లు. కె.ఆర్.పురం వచ్చేసరికి అక్క కూరకు పితికిన పప్పు రెడీ. ఒకసారి లీవ్ పెట్టి నేనూ వెళ్లాను. గోళ్లు నొప్పి పుట్టాయి, కడుపుబ్బా నవ్వాను.

తర్వాత రూటు మార్చారు.

ఆఫీసులకు వెళ్లేవాళ్ల సౌకర్యం కోసమట. అంటే నా కోసమే. బస్సు ఇక పొద్దున, సాయంత్రం మాత్రమే. అది కూడా మహదేవపురలో మా ఆఫీస్ ఉన్న టెక్ పార్క్ గేటు దాకా వెళ్లి ఆగిపోతుంది. మధ్యాహ్నం బస్సు తీసేశారు.

మధ్యాహ్నం ఎంతసేపు నిలబడ్డా బస్సు రావడం లేదని, ఒకరోజు పొద్దున అదే నంబరు కనిపిస్తే జయమ్మ ఎక్కేసింది. తల వంచుకుని గింజలు పితుకుతూ కూర్చుంది. చుట్టూ అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలు. ఎవరికి ఇస్తుంది పిడికెడు? లాస్ట్ స్టాప్ అంటే దిగింది.

నేను టీ తాగడానికి బయటికొస్తే సెక్యూరిటీ గేటు పక్కన, ఫుట్‌పాత్ మీద, ఒళ్లో గిన్నెతో జయమ్మ. ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది. తిరుగు బస్సు సాయంత్రానికి గానీ లేదు. ఆ రోడ్డు దాటాలంటే నాకే భయం.

"నంబరు అదే ఉండాది, డ్రైవరూ వాడే ఉండాడు. దోవ మారిందని ఎవురు చెప్పినారు పాపా నాకి?"

క్యాబ్‌లో అక్క ఇంటికి తీసుకెళ్తానన్నాను. వద్దంది. కారెక్కితే ఆమెకు కడుపులో తిప్పేస్తుంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పి, విజిటర్ పాస్ తీయించి, సాయంత్రం దాకా మా క్యాంటీన్‌లో కూర్చోబెట్టాను. నాలుగు వైపులా చూసి, "ఇన్ని అద్దాలుండాయి, తెరిచే కిటికీ ఒకటీ లేదే" అంది. ఇన్నేళ్లుగా నేను అది గమనించనే లేదు.

నా ఫోన్ వచ్చేదాకా కొడుకు మంజు ఊరంతా వెతికాడు. అతన్ని తప్పు పట్టలేను. "ఇంక బస్సు మాట ఎత్తొద్దమ్మా. ఆదివారం నేనే పిలుచుకోని పోతా" అన్నాడు.

ఈ ఊళ్లో ఆదివారాలు ఏమైపోతాయో మనకు తెలుసు.

ఆ తర్వాత కూడా జయమ్మ మధ్యాహ్నం బస్సు వేళకు చీర మార్చుకునేది. మార్చుకుని, బాల్కనీ గ్రిల్ పట్టుకుని నిలబడేది. నేను వీడియో కాల్ కలిపిస్తే అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకుని పెట్టేసేవాళ్లు. "దీంట్లో చెయ్యి పట్టుకునేకి అయ్యేదిల్లేదు కదా పాపా" అనేది. ఆ మనిషిని ఎవరూ బంధించలేదు. ఇంటికి తాళం కూడా వేయలేదు. ఒక బస్సు తీసేశారు, అంతే. నాకు చాలా కోపంగా ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

ఈరోజు పొద్దున వ్యాన్ వచ్చింది. శ్మశానం మాకు దగ్గరే. మంజు డ్రైవర్ పక్కన కూర్చుని, "కె.ఆర్.పురం మింద పోదామప్పా. పాత బస్సు దోవలో" అన్నాడు. మధ్యలో ఇంకో ఇంటి దగ్గర ఆపకూడదని పెద్దవాళ్లు అన్నారు. మంజు వినలేదు.

నేను వెనక, ఆమె పక్కన కూర్చున్నాను. మహదేవపురలో మళ్లీ ఇరుక్కున్నాం. కిటికీ అద్దం మొత్తం తెరిచి పెట్టాను.

అక్క వీధి చివర, బస్సు ఆగే చోటే ఆపారు. మనవళ్లు ఆవిడను కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. ఆవిడ ఏడవలేదు. చెల్లెలి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే నిమిరింది.

"ఇన్ని దినాలకి దొరికిందేమే నీకి బస్సు" అంది.

మంజు ఆ రోడ్డు మీదే కూలబడిపోయాడు.

వెళ్లిరా పెద్దమ్మా. నువ్వు ఎక్కడ కూర్చున్నా పక్కన కిటికీ తెరిచి ఉండాలి, నీ ప్రాణం చల్లగా ఉండాలి.